మూత లేని మందు పెట్టె

"పన్నెండు నిమిషాలు," అంది టైంకీపర్. "ఒంటిగంట నలభై ఒకటికి మందుల స్టోరు వరండాలోకి వెళ్ళారు. ఒంటిగంట యాభై మూడుకి బయటికొచ్చారు. మధ్యలో ఆ పన్నెండు నిమిషాలూ ఏం చేశారు మేస్త్రీగారూ?"

వడ్రంగి మేస్త్రీ తల ఎత్తలేదు. ఆయన చేతులు రెండూ మోకాళ్ళ మీద ఉన్నాయి. కుడిచేతి చూపుడువేలి గోరు కింద ఎప్పటిదో జిగురు ఎండిపోయి తెల్లగా కనిపిస్తోంది.

"కూర్చున్నానమ్మా."

"ఎక్కడ?"

ఆయన గోరు కింది జిగురుని బొటనవేలితో గీకడం మొదలుపెట్టాడు.

ఆమె తొందరపెట్టలేదు. ఇరవై రెండేళ్ళు బస్సు డిపోలో కూర్చుని, ఏ బండి ఎన్నింటికి వెళ్ళింది, ఎన్నింటికి వచ్చింది, మధ్యలో ఎక్కడ ఆలస్యమైంది అని రాసిన మనిషి. డ్రైవర్లు చెప్పే కథలు విని విని, అబద్ధం ఏ నిమిషంలో దూరుతుందో వాసన పట్టడం నేర్చుకుంది. రిటైరయ్యాక డిటెక్టివ్ బోర్డు పెట్టుకుంటే జనం పేరు మార్చలేదు. అప్పుడూ టైంకీపరే, ఇప్పుడూ టైంకీపరే. ఈ మేస్త్రీ ఇంతసేపటి నుంచీ ఒక్క అబద్ధం కూడా ఆడలేదని ఆమెకు తెలుస్తూనే ఉంది. ఆయన ఒక నిజాన్ని మాత్రం గట్టిగా పళ్ళ మధ్య పట్టుకుని కూర్చున్నాడు.

"ఇంకా ఎంతసేపు బతిమాలతారు మేడమ్?" అన్నాడు సెక్యూరిటీ గది గోడకు ఆనుకుని నిలబడ్డ చీఫ్.

ఆస్పత్రి సెక్యూరిటీకి ఆయన పెద్ద. అంతకుముందు ఇరవై ఎనిమిదేళ్ళు పోలీసు. మీసాలకి రంగు, బూట్లకి మెరుపు, మాటకి కారం ఎప్పుడూ తగ్గనివ్వడు. పోయిన ఏడాది ఒక నగల కేసులో ఆయన పట్టుకున్న పనిమనిషి నిర్దోషి అని టైంకీపర్ తేల్చింది. అప్పట్నుంచీ ఆమెను చూస్తేనే ఆయనకి ఒళ్ళు మంట.

"నేను చెప్తాను వినండి," అన్నాడు వేళ్ళు మడుస్తూ. "ఇతని భార్యకి ఇక్కడే వైద్యం. మూడు వారాలకో ఇంజక్షన్. ఆరు అయ్యాయి, ఏడోది ఎల్లుండి. ఇల్లు గుల్లయిపోయింది, చేతిలో చిల్లిగవ్వ లేదు. నిన్న ఒంటిగంట ముప్పై అయిదుకి ఫార్మసిస్టు ఫ్రిజ్‌లో పది పెట్టెలు లెక్కపెట్టి భోజనానికి వెళ్ళాడు. రెండూ అయిదుకి వచ్చి చూస్తే ఒక్కటీ లేదు. ఆ మధ్యలో వరండాలోకి వెళ్ళిన బయటి మనిషి ఇతనొక్కడే. చేతిలో పనిముట్ల సంచి. తాళం తియ్యడం వడ్రంగికి ఎంత పని? దానికి తోడు ఇదిగో."

బల్లమీద ప్లాస్టిక్ సంచి పెట్టాడు. అందులో అరచేయంత అట్టపెట్టె.

"ఇతని దుకాణంలో దొరికింది. మేకులు పోసుకున్నాడు. దీని నంబరు చివర నాలుగు నాలుగు ఏడు ఒకటి. నిన్న పోయిన పదింటి లిస్టులో మూడో నంబరు ఇదే. ఇంకేం కావాలి?"

టైంకీపర్ సంచిని వెలుతురుకి తిప్పి చూసింది.

"దీని మూత ఏది?"

"మూతెవరిక్కావాలి?"

"చిరగలేదు చీఫ్ గారూ. కొలబద్ద ఆనించి బ్లేడుతో తిన్నగా కోశారు."

మేస్త్రీ భుజాలు ఒక్కసారి బిగుసుకున్నాయి. ఆమె అది చూసింది, చూడనట్టే ఉండిపోయింది.

"ఒక్క మాట అమ్మా," అన్నాడు మేస్త్రీ. గొంతులో భయం లేదు. "ఈ ఆస్పత్రికి ఆరు ఇంజక్షన్ల డబ్బు కట్టాను. ఒక్క రోజు ఆలస్యం చెయ్యలేదు. స్కానింగులకి మా ఆవిడ గాజులు అమ్మాను. ఇంజక్షన్లకి చిత్రిక మిషన్ అమ్మాను, రంపం మిషన్ అమ్మాను. ఏడోదానికి దుకాణం బేరం పెట్టాను. దొంగతనం చేసేవాణ్ణయితే మొదటిదానికే చేసేవాణ్ణిగా? మిషన్లన్నా మిగిలేవి."

చీఫ్ బల్లమీది ప్లాస్టిక్ సంచిని ఇంకాస్త ముందుకు తోశాడు.

తలుపు తోసుకుని డైరెక్టర్ వచ్చాడు. తెల్లకోటు మీద ముడత లేదు. చాలా మెత్తగా మాట్లాడతాడు, ఎదుటివాళ్ళే ముందుకు వంగి వినాలి.

"నేను పోలీసుల్ని పిలవడం లేదు," అన్నాడు. "ఆయన పరిస్థితి మాకు తెలుసు. ఒప్పుకున్నట్టు కాగితం రాసి, పోయిన సరుకు కింద దుకాణం మా పేర పెడితే విషయం ఇక్కడితో సరి. ఇన్సూరెన్స్ వాళ్ళు ఆరింటికి వస్తున్నారు. అయిదుకల్లా సంతకం కావాలి. లేదంటే పోలీసులే."

"సంతకం పెట్టనండీ," అన్నాడు మేస్త్రీ.

"మీ ఆవిడ సంగతి కూడా ఆలోచించండి," అని అంతే మెత్తగా చెప్పి డైరెక్టర్ వెళ్ళిపోయాడు.

టైంకీపర్ గడియారం చూసుకుంది. పన్నెండూ నలభై.

"ఫ్రిజ్ చూపించండి చీఫ్ గారూ."

* * *

మందుల స్టోరు చిన్న గది. కిటికీ లేదు. మూలన నిలువెత్తు ఫ్రిజ్, ఇనపరేకు తలుపుతో. దాని నెత్తిన గాజుమూత కింద గుండ్రటి గ్రాఫు కాగితం మెల్లగా తిరుగుతోంది. సన్నని కలం ఒకటి దానిమీద ఎర్రగీత గీస్తోంది.

ఫార్మసిస్టుకి ముప్పై అయిదేళ్ళుంటాయి. ఏసీ గదిలో కూడా మెడ తుడుచుకుంటున్నాడు.

"ఒంటిగంట ముప్పై అయిదుకి లెక్కపెట్టావు. ఫ్రిజ్ తలుపు తీసే కదా?"

"తీసే మేడమ్. తియ్యకుండా ఎలా?"

"రెండూ అయిదుకి వచ్చావు. పోయాయని ఎలా తెలిసింది?"

"తలుపు తీసి చూశాను. ఖాళీ."

"మొత్తం మూడుసార్లన్నమాట. నువ్వు రెండుసార్లు, దొంగ ఒకసారి. నిన్నటి గ్రాఫు కాగితం ఇవ్వు."

అతను చీఫ్ వంక చూశాడు. చీఫ్ విసుగ్గా తలూపాడు. బీరువాలోంచి వచ్చిన కాగితాన్ని టైంకీపర్ బల్లమీద పరిచి, దాని గురించి ఒక్క ముక్క మాట్లాడకుండా, పది ఖాళీ మందు పెట్టెలు అడిగి ఫ్రిజ్‌లో పెట్టించింది. తలుపు మూసి గీత కుదురుకునేదాకా పావుగంట ఆగింది. ఆ పావుగంటా చీఫ్ బూటుతో నేల తడుతూనే ఉన్నాడు.

"ఇప్పుడు మీరు దొంగ," అంది ఆయనతో. "ఎంత తొందరగా తియ్యగలరో తియ్యండి."

"నేనా?"

"ఇరవై ఎనిమిదేళ్ళు దొంగల్ని చూశారు. మీకంటే బాగా ఎవరు చేస్తారు?"

చీఫ్ మీసం కొంచెం కదిలింది. తలుపు తెరిచి, రెండు చేతులతో పెట్టెలు ఊడ్చి సంచిలో వేసుకుని తలుపు మూశాడు. పద్దెనిమిది సెకన్లు. నెత్తిమీద కలం ఒణికి, పైకి లేచి, చిన్న గుట్టలా గీసింది. అది తిరిగి కిందికి దిగడానికి తొమ్మిది నిమిషాలు పట్టింది.

"చల్లగాలి బయటికి పోతే కలం లేస్తుంది. ఇప్పుడు నిన్నటిది చూడండి. ఎనిమిదీ యాభైకి ఒక గుట్ట. పదీ ఇరవైకి ఒకటి. పదకొండూ నలభై అయిదుకి ఒకటి. ఆ తర్వాత?"

చీఫ్ వంగాడు. పదకొండూ నలభై అయిదు గుట్ట దాటాక గీత తిన్నగా, నున్నగా, సాయంత్రం నాలుగు దాకా పోయి అక్కడ ఇంకో గుట్ట ఎక్కింది.

"కలం ఆగిపోయి ఉంటుంది."

"ఆగిపోయిన కలం నాలుగింటికి మళ్ళీ గుట్ట ఎలా గీస్తుంది చీఫ్ గారూ? ఒంటిగంట ముప్పై అయిదుకి ఈ తలుపు ఎవరూ తియ్యలేదు. మధ్యలో ఎవరూ తియ్యలేదు. రెండూ అయిదుకీ తియ్యలేదు." ఆమె ఫార్మసిస్టు వైపు తిరిగింది. "తలుపే తియ్యకుండా లోపల సరుకు పోయిందని ఎలా చెప్పావు నాయనా?"

ఫార్మసిస్టు మెడ మీద చెయ్యి అక్కడే ఆగిపోయింది. "మంచినీళ్ళు తాగొస్తాను మేడమ్," అన్నాడు.

అయిదు నిమిషాలు చూశారు. పది నిమిషాలు చూశారు. అతను రాలేదు. కౌంటర్ దగ్గర అడిగితే, మోటారు సైకిలేసుకుని గేటు దాటాడన్నారు.

"పారిపోయినంత మాత్రాన మీ మేస్త్రీ నిర్దోషి అయిపోడు," అన్నాడు చీఫ్, కానీ గొంతులో ఇందాకటి కారం లేదు. "ఇద్దరూ కలిసి చేసి ఉండొచ్చు. గ్రాఫు మీ సాక్షి. పెట్టె నా సాక్షి. పోయిన సరుకు నంబరు అతని దుకాణానికి ఎలా వచ్చింది?"

"అది అడగాల్సింది ఆ దుకాణాన్నే."

"నేనూ వస్తాను. నేను లేకుండా అక్కడ కొత్త సాక్ష్యాలు మొలవకుండా."

"రండి. ఆ పెట్టె కూడా తెండి."

* * *

వాళ్ళు చేరేసరికి రెండూ నలభై. అప్పుడే బయటినుంచి వచ్చిన మేస్త్రీ కూతురు దుకాణం తలుపు తీసింది. ఇరవై ఏళ్ళ పిల్ల. పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో మానేసి తండ్రి పక్కన చిత్రిక పడుతోంది. పొద్దున్నే టైంకీపర్ ఇంటికి వచ్చినప్పుడు ఆమె చేతిలో డబ్బు లేదు, ఒక స్టూలు ఉంది. "నేనే చేశానండీ. మేకు ఒక్కటి కూడా లేదు, అన్నీ అతుకులే. మీ ఫీజుకి ఎంత తక్కువైతే అంత రాసుకోండి, నెలనెలా ఇస్తాను," అంది. టైంకీపర్ స్టూలు మీద కూర్చుని చూసింది. ఇసుమంత కూడా ఊగలేదు. "ఫీజు ముట్టింది," అని కేసు తీసుకుంది.

"నెమ్మదిగా మాట్లాడుకుందామండీ," అంది ఆ పిల్ల ఇప్పుడు. "పైగదిలో అమ్మ పడుకుంది."

దుకాణంలో నేల మీద రెండు చోట్ల గచ్చు తెల్లగా, నలుచదరంగా ఉంది. ఒక్కోదానికి నాలుగు మూలలా బోల్టులు ఊడదీసిన రంధ్రాలు. మిషన్లు ఉన్న చోట్లు. ఇప్పుడు ఆ పక్కనే బల్లమీద చేతిరంపం ఉంది. సగం కోసిన తలుపు చెక్క ఉంది. ఆ కోత గీసి పెట్టినంత తిన్నగా ఉంది.

"మిషన్ కంటే నాన్న చెయ్యే నున్నగా కోస్తుంది," అంది కూతురు, ఎవరూ అడక్కుండానే. "టైం పడుతుంది, అంతే."

గోడకి చిన్న అరల చెక్క. అరల్లో అయిదు మందు పెట్టెలు. ఒకదాంట్లో ముప్పావు అంగుళం మేకులు, ఒకదాంట్లో అంగుళం స్క్రూలు, ఇంకోదాంట్లో వాషర్లు. ఆరో అర ఖాళీ. అందులోది చీఫ్ చేతిలో ఉంది.

"ప్రతిసారీ అడిగి తెచ్చుకుంటాడు," అంది కూతురు. "సీలు తన కళ్ళ ముందు తీస్తేనే ఇంజక్షన్ ఎక్కించనిస్తాడు. అయిపోయాక, ఇంత పోసి కొన్నాను, పెట్టె నాది అంటాడు. నర్సులు నవ్వుతారు. నవ్వనీ అంటాడు."

టైంకీపర్ పెట్టెలు ఒక్కొక్కటే తిరగేసింది. అడుగున వడ్రంగి పెన్సిలుతో తేదీలు. అన్నింటికీ మూతలున్నాయి. ఆరోదాని అడుగున కూడా తేదీ ఉంది. పందొమ్మిది రోజుల కిందటిది.

"నిన్న కూర్చుని ఏ తేదీ అయినా రాసుకోవచ్చు," అన్నాడు చీఫ్.

"నిజమే. పెన్సిలు సాక్ష్యానికి పనికిరాదు." ఆమె కూతురి వైపు తిరిగింది. "దీని మూత ఎందుకు కోశాడు మీ నాన్న?"

ఆ పిల్ల పెట్టె చూసి నొసలు ముడిచింది. "నాన్న దేన్నీ కోసి పారెయ్యడండీ. కోశాడంటే ఎక్కడో అతికించడానికే."

టైంకీపర్ దుకాణం నలుమూలలా చూసింది. తర్వాత మెల్లగా అడిగింది. "ఈ దుకాణంలో నువ్వుగానీ మీ అమ్మగానీ ముట్టుకోని వస్తువు ఏదైనా ఉందా?"

"తాతయ్య చిత్రిక. అది ఒక్కటే. నాన్నే తుడుస్తాడు, నాన్నే నూనె పెడతాడు."

బల్ల కింద చెక్కపెట్టెలో ఆ చిత్రిక ఉంది. దాని కింద పరిచిన గుడ్డ. గుడ్డ కింద గోధుమరంగు కవరు.

కూతురే విప్పింది. మొదటి కాగితం ఒక దరఖాస్తు. ప్రభుత్వ వైద్య సహాయ నిధికి. తండ్రి దస్తూరీ, ఒక్కో అక్షరం కొలిచి పెట్టినట్టు. కుటుంబ ఆదాయం ఇంత. ఇప్పటివరకు అయిన ఖర్చు ఇంత. అమ్మిన వస్తువులు ఇవి. ఆ వరసలో అమ్మ గాజుల దగ్గర ఒక పదం రాసి కొట్టేసి ఉంది. కింద, మందు వాడినట్టు ఆధారంగా పెట్టె మూత అతికించాలని అచ్చులో ఉన్నచోట, తిన్నగా కోసిన అట్టముక్క. దానిమీద నంబరు. చివర నాలుగు నాలుగు ఏడు ఒకటి. సగం అట్ట మీద, సగం కాగితం మీద పడేలా ఊదారంగు కార్యాలయ ముద్ర. తేదీ పదిహేడు రోజుల కిందటిది.

చీఫ్ తన సంచిలోంచి పెట్టె తీశాడు. అంచుని అంచుకి ఆనించాడు. కోత మీద కోత అతుక్కుపోయింది, గీత కూడా కనిపించకుండా.



"నిన్న పోయిన పెట్టె," అంది టైంకీపర్, "పదిహేడు రోజుల కిందటే గవర్నమెంటు ముద్ర వేయించుకుంది. దాంట్లో మందు అంతకు రెండు రోజుల ముందే ఈ ఇంటి ఇల్లాలి ఒంట్లోకి పోయింది. ఆ పదీ అంతే అయ్యుంటాయి. రోగులకి అమ్మేశారు, పుస్తకంలో మాత్రం ఫ్రిజ్‌లోనే ఉంచారు. ఇప్పుడు దొంగతనం అని ఇన్సూరెన్స్ దగ్గర ఇంకోసారి అమ్ముతున్నారు."

కూతురు వినడం లేదు. రెండో కాగితం చదువుతోంది. దరఖాస్తు తిప్పి పంపుతూ నిధి వాళ్ళిచ్చిన జవాబు, రెండే వాక్యాలు. దరఖాస్తుదారుకి సొంత దుకాణం ఉన్నందున అర్హత లేదు. మూడోది అప్పీలు, నిన్నటి తేదీతో. ఆస్పత్రి సహాయ కౌంటర్ ముద్ర పడాల్సిన చోటు ఖాళీగా ఉంది. దానికి గుచ్చిన చిన్న టోకెన్ చీటీ మీద టైము అచ్చయి ఉంది. ఒంటిగంట నలభై రెండు.

"సహాయ కౌంటర్ ఎక్కడ చీఫ్ గారూ?"

"అదే వరండాలో, చివర." చీఫ్ గొంతు తగ్గిపోయింది. "ఒకటిన్నర నుంచి రెండు దాకా భోజనానికి మూసేస్తారు. టోకెన్ మాత్రం గోడ మిషనే ఇస్తుంది."

"ఇవిగో నా పన్నెండు నిమిషాలు. మూసిన కౌంటర్ ముందు బెంచీ మీద కూర్చున్నాడు. చూసి చూసి లేచి వచ్చేశాడు. ఇది చెప్తే నిన్ననే బయటపడేవాడు. కానీ చెప్తే ఇంట్లో తెలుస్తుంది."

"మాకెప్పుడూ చెప్పలేదండీ," అంది కూతురు. కళ్ళల్లో నీళ్ళు నిండాయి గానీ తల నిటారుగానే ఉంది. "ఎవర్నీ అడగం, మన చేతులున్నాయి అనేవాడు. నేను కూడా అందరితో గొప్పగా చెప్పుకునేదాన్ని. మా నాన్న చెయ్యి చాపడు అని. నాన్నకి మిషన్ అమ్మడం కంటే ఈ కాగితం రాయడం ఎంత కష్టమయ్యుంటుందో నాకు తెలుసు. అయినా రాశాడు. అమ్మ కోసం రాశాడు." కాగితాన్ని ఛాతీకి ఆనించుకుంది. "ఇప్పుడు ఇంకా గొప్పగా చెప్పుకుంటాను."

టైంకీపర్ ఆ పిల్ల భుజం తట్టి, అట్టమూత వైపు మళ్ళీ వంగింది. నంబరు పక్కన ఆస్పత్రి ధర చీటీ ఉంది. నలభై ఎనిమిది వేల ఆరు వందలు. చీటీ అంచు కొంచెం ఎత్తుగా ఉంది.

"దీని కింద ఏదో అచ్చు ఉంది. చినగకుండా లేపగలవా అమ్మాయ్?"

కూతురు బల్లమీంచి అన్నిటికంటే పల్చని ఉలి తీసుకుంది. తడిగుడ్డతో చీటీని రెండు నిమిషాలు నాననిచ్చింది. ఊపిరి బిగబట్టి ఉలి మొన దూర్చింది. పొర లేచినట్టు చీటీ లేచింది, కింద అట్ట చెక్కు చెదరలేదు.

కంపెనీ అచ్చు వేసిన ధర. అన్ని పన్నులూ కలిపి పదహారు వేల రెండు వందలు.

ముగ్గురూ ఆ అంకెని చూశారు. చీఫే ముందు లెక్క కట్టాడు, పెదాలు కదుపుతూ. "ఒక్కోదాని మీద ముప్పై రెండు వేల నాలుగు వందలు ఎక్కువ. ఆరింటికి లక్షా తొంభై నాలుగు వేల నాలుగు వందలు."

కూతురు నేలమీది రెండు తెల్లటి చదరాల వైపు చూసింది. "రెండు మిషన్లూ కలిపి లక్షా డెబ్భైకి పోయాయి," అంది. 

చీఫ్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "నిన్నటి ఫిర్యాదు కింద సంతకం నాది మేడమ్. ఇరవై ఎనిమిదేళ్ళ నౌకరీలో నా సంతకం కింద తెలిసి ఒక్క అబద్ధం పోలేదు. తొందరపాటు ఉంది, నోటి దురుసు ఉంది, ఒప్పుకుంటాను. అబద్ధం లేదు. నిన్న నా చేత రాయించారు."

"అయితే ఆ సంతకం వెనక్కి తీసుకునే పని చూడండి."

"అమ్మకి చెప్పొస్తాను," అని కూతురు మెట్లెక్కింది. మరుక్షణమే పైనుంచి ఆమె కేక వినిపించింది. "అమ్మ లేదు!"

ఎదురింటి ఇస్త్రీ అతను పరిగెత్తుకొచ్చాడు. "నీకు తెలీదా అమ్మాయ్? నువ్వు బయటికెళ్ళినప్పుడు, రెండున్నరకి ఆస్పత్రి బండి వచ్చింది. ఇంజక్షన్ ఊరికే ఇస్తామన్నారు, రెండ్రోజులు ముందుగానే. మేస్త్రీని కూడా అక్కడే చూడొచ్చు అంటే మీ అమ్మ ఎక్కింది."

టైంకీపర్ గడియారం చూసింది. మూడూ అయిదు.

"చీఫ్ గారూ, ఆ ఫ్రిజ్‌లో మీరు తీసిన ఖాళీ పెట్టెలు తప్ప ఆ మందు ఒక్క పెట్టె అయినా కనిపించిందా?"

"లేదు." ఆయన మొహంలో రంగు మారింది. "కొత్త సరుకు వచ్చేది రేపు సాయంత్రం."

"మరి ఇప్పుడు ఆమెకి ఎక్కించబోయేది ఏమిటి?"

చీఫ్ అప్పటికే జీపు వైపు పరిగెడుతున్నాడు.

* * *

మూడో అంతస్తు వార్డులో చివరి కుర్చీలో మేస్త్రీ భార్య కూర్చుని ఉంది. తలకి శుభ్రంగా ఉతికిన గుడ్డ చుట్టుకుంది. చీరమీద తొడుక్కున్న చొక్కా ఎడమచెయ్యి మణికట్టు దాకా దించి, బొత్తాం పెట్టి, ఆ చేతిని ఒళ్ళో దాచుకుంది. కుడిచేతి పిడికిట్లో నిండు సిరంజీ, సూదికి టోపీ పెట్టే ఉంది. నర్సు పక్కనే నిలబడి ఏడుపు మొహంతో చూస్తోంది.

"అమ్మా!" కూతురు వెళ్ళి వాటేసుకుంది.

"నెమ్మదే, సూది ఉంది," అంది తల్లి. తర్వాత టైంకీపర్ వైపు చూసింది. "మీరేనా స్టూలు తీసుకున్న ఆవిడ? కూర్చోండి. ఈ పిల్ల నర్సుని ఏమీ అనకండి, పాపం చెప్పింది చేస్తోంది. పెట్టె చూపించమన్నాను. లేదంది. సీలు నా ముందు తియ్యమన్నాను. నింపే పంపారంది. ఆరుసార్లు డబ్బు కట్టి చూపించుకున్నాం, ఏడోసారి ఊరికే ఇస్తే చూపించరా అన్నాను. లాక్కుని పెట్టుకున్నాను."

"ఎంతసేపయింది?"

"ఇరవై నిమిషాలు," అంది నర్సు. "సార్ వాళ్ళు నింపే పంపారండీ. దాంట్లో ఏముందో నాకు నిజంగా తెలీదు."

టైంకీపర్ ఆ సిరంజీని రుమాల్లో చుట్టి చీఫ్‌కి అందించింది. మేస్త్రీ భార్య కుర్చీ పక్కనున్న కాగితం చూపించింది. ముందు దాని మీద సంతకం పెట్టాలన్నారట. నా భర్త మా అవసరం కొద్దీ మందులు తీసుకున్నాడు, ఇందుకు బదులుగా దుకాణం ఇస్తున్నాం, అని టైపు చేసి ఉంది. ఆమె దానిమీద సంతకం పెట్టలేదు. కలంతో అడ్డంగా ఒక గీత కొట్టి, కింద రాసింది. *మా ఆయన కొలత తప్పి చెక్క కొయ్యడు. ఇలాంటి పని అసలే చెయ్యడు.*

చీఫ్ అది చదివాడు. కాగితాన్ని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడే వార్డు బల్లమీద ఇంటర్‌కమ్ మోగింది. నర్సు అదిరిపడింది. టైంకీపర్ పెదాల మీద వేలు పెట్టి, స్పీకరు మీట నొక్కమని సైగ చేసింది.

"సంతకం అయిందా?"

మెత్తటి గొంతు. వినడానికి అందరూ ముందుకు వంగాల్సి వచ్చింది. మధ్యాహ్నం సెక్యూరిటీ గదిలో అయిదు గంటల గడువు పెట్టింది ఆ గొంతే.

"ఇంకా... లేదు సార్," అంది నర్సు, టైంకీపర్ కళ్ళల్లోకి చూస్తూ.

"అయితే సంతకం సంగతి తర్వాత. ముందు ఇంజక్షన్ ఎక్కించెయ్. ఆరు పెట్టెలూ కళ్ళారా చూసిన ఆవిడ మళ్ళీ ఇంటికి వెళ్ళకూడదు. ఆ మేస్త్రీని కింద సెక్యూరిటీ గదిలోంచి వేరే చోటికి మార్చేశాం. ఇంకో మాట. ఆ డిటెక్టివ్ ముసలిది భవనంలోకి వచ్చిందట. బయటికి పోనివ్వొద్దని, గేట్లన్నీ మూయించమని చీఫ్‌కి చెప్పు. ఎక్కడున్నాడు వాడు?"

 కూతురు తల్లి భుజాన్ని గట్టిగా పట్టుకుంది. టైంకీపర్ చీఫ్ వైపు చూసింది. ఆయన చేతిలో టోపీ ఉంది, రుమాల్లో చుట్టిన సిరంజీ ఉంది.

చీఫ్ టోపీని తలమీద పెట్టుకున్నాడు, అద్దం ముందు నిలబడ్డంత శ్రద్ధగా సర్దుకున్నాడు. బల్ల దగ్గరికి వచ్చి రిసీవరు అందుకున్నాడు.

"ఇక్కడే ఉన్నాను సార్," అన్నాడు. "గేట్లు ఇప్పుడే మూయిస్తున్నాను. మీరు బయటికి పోకుండా."